నల్లకాల్వకు వెళ్లిన దినము

ఆళ్లగడ్డ మీదుగా ప్రయాణము చేసినవారికి అక్కడి శిల్పుల షెడ్లు, రాతి దుమ్ము, ఉలి చప్పుడు జ్ఞాపకముండే ఉంటాయి. గత సెప్టెంబరు నెల రెండవ వారములో ఒక ఉదయము మా సంఘపు వ్యాను అక్కడ ఆగింది. టీ త్రాగుదామని దిగిన మా బావగారు టీ సంగతి మరచి ఒక షెడ్డు ముందు నిలబడిపోయారు. లోపల ఒక పెద్ద శిల్పి, ఇంకా ఉలి పెట్టని రాతి దిమ్మెను చిన్న సుత్తితో అక్కడక్కడ తట్టి, చెవి వంచి వింటున్నాడు. ఖంగుమంటే జానెడు ముందుకు జరుగుతున్నాడు. ఒకచోట చప్పుడు మొద్దుగా వచ్చింది. అక్కడ బొగ్గుతో గుర్తు పెట్టాడు.

“ముప్పై అయిదేండ్లు నేను చేసిన పని ఇదే పాస్టరూ” అన్నారు మా బావగారు.

ఆయన మా పెద్దక్క భర్త. హైదరాబాదులోను బెంగుళూరులోను చిన్న విమానముల షెడ్లలో పనిచేసి, లైసెన్సు పొందిన ఇంజనీరుగా రిటైరై, ఇప్పుడు నంద్యాలలో ఉంటున్నారు. పలుచని పొరలు అతికించి తయారుచేసే విమాన భాగములను కూడ ఇట్లే రూపాయి బిళ్లతోనో చిన్న సుత్తితోనో తట్టి వింటారట. లోపల పొర విడిపోతే చప్పుడు మొద్దుగా వస్తుంది. కంటికి మాత్రము రంగు నిగనిగలాడుతూ ఉంటుంది. ఇన్నేండ్లుగా ఆయన్ను చూస్తున్నాను గాని, ఆయన పని ఏమిటో నేనెన్నడూ శ్రద్ధగా అడుగలేదు. ఆ దినము అడుగవలసి వచ్చింది.

మేము వెళ్తున్నది ఆత్మకూరు మండలములోని నల్లకాల్వకు. 2009 సెప్టెంబరు 2న నల్లమల అడవిలో హెలికాప్టరు కూలి మరణించిన అప్పటి ముఖ్యమంత్రి డాక్టరు వై.యస్. రాజశేఖరరెడ్డి గారి జ్ఞాపకార్థము ఏర్పాటైన స్మృతివనము అక్కడ ఉన్నది. వర్ధంతి దినపు రద్దీ తగ్గిన తరువాత వెళ్దామని మా సంఘములోని ఒక అవ్వ ఎప్పటినుండో అడుగుతూ ఉన్నది. ఆమె మనుమడికి చిన్నప్పుడు గుండెలో రంధ్రము ఉండెను. 2008లో ఆరోగ్యశ్రీ క్రింద హైదరాబాదులో ఆపరేషను జరిగింది. ఇప్పుడు ఆ పిల్లవాడు మీసము వచ్చిన యువకుడు, మా వ్యాను డ్రైవరు ప్రక్కన కూర్చుని దారి పొడుగునా పాటలు మారుస్తూ ఉన్నాడు. రాజకీయములు నాకెందుకు గాని, ఒక తల్లి కృతజ్ఞతను కాదనగలమా? సరే అవ్వా, వెళ్దాము అన్నాను. అవ్వ చేతికర్ర లేకుండ నడువలేదు. ఆ కర్ర సంగతి తరువాత చెప్పుకొంటాను.

ఆళ్లగడ్డ, శిరివెళ్ల దాటి నంద్యాల వరకు దారికి రెండు ప్రక్కల పచ్చదనమే. వరి నాట్లు పూర్తయిన మళ్లలో కొంగలు నిలబడి ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4 నుండి నంద్యాల మనకు జిల్లా కేంద్రమాయెను గదా, ఊరికి సందడి పెరిగింది. ఊరి దాటునప్పుడు అవ్వ మనుమడు తాను ఓర్వకల్లు విమానాశ్రయములో విమానము దిగుతుండగా చూచిన సంగతి చెప్పాడు. 2021 మార్చి 25న ప్రారంభమైన ఆ విమానాశ్రయానికి మన ఆళ్లగడ్డ ప్రాంతపు వీరుడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. గుఱ్ఱము మీద తిరిగిన మనిషి పేరు విమానముల రేవుకు వచ్చింది!

“చిన్న విమానము సొంతముగా కొనుక్కోవచ్చునా మామా?” అని ఆ పిల్లవాడు బావగారిని అడిగాడు.

“డబ్బుంటే కొనవచ్చు. కొనడము సులువు. ఏటేటా దాన్ని విప్పి చూపించుకోవడమే కష్టము” అంటూ బావగారు మొదలుపెట్టారు. బండి ఆత్మకూరు వచ్చేవరకు ఆపలేదు. నాకు అర్థమైనంతవరకు ఇక్కడ వ్రాస్తున్నాను.

లోకములో ఎక్కువగా కనబడే చిన్న విమానము సెస్నా 172. నలుగురు కూర్చుంటారు, నాలుగు సిలిండర్ల ఇంజిను, ముందు ఒక్క పంకా. 1950ల నుండి ఇప్పటికి నలుబది వేలకు పైగా తయారైనవట. ఏ దేశములోనైనా ఇటువంటి విమానమునకు ఏడాదికి ఒకసారి ఒక పరీక్ష తప్పదు. అమెరికాలో పన్నెండు నెలలకు ఒకమారు వార్షిక తనిఖీ, అద్దెకు త్రిప్పే విమానమైతే ప్రతి నూరు గంటలకు మరొకటి. మన దేశములో పౌర విమానయాన డైరెక్టరేటు, అనగా డీజీసీఏ, నియమముల ప్రకారము ఎగురుటకు యోగ్యమైనదన్న సమీక్షా పత్రమునకు ఏడాది గడువు. ఆ ఏడాదిలో విమానము ఒక్కసారి కూడ లేవకపోయినా సరే, పరీక్ష పరీక్షే.

“ఎగురనిదానికి పరీక్ష ఎందుకు బావా?” అన్నాను.

“ఎగురనిదే ముందు చెడుతుంది” అన్నారు. ఇంజిను తిరుగుతూ ఉంటే నూనె లోపలి భాగములకు పూతగా ఉంటుంది. నెలల తరబడి నిలిపివేస్తే ఆ పూత జారిపోయి గాలిలోని తేమ తగిలి త్రుప్పు పడుతుంది. షెడ్డులో ఎలుకలు రెక్కలలో గూడు పెడతాయి. అన్నిటికన్న చెడ్డది కుమ్మరి పురుగు. విమానపు వేగము తెలిపే యంత్రానికి బయట గాలి తీసికొనే చిన్న గొట్టమొకటి ఉంటుంది. దానికి తొడుగు వేయక వదిలివేస్తే ఆ పురుగు మట్టితో గూడు కట్టి మూసివేస్తుంది. 1996 ఫిబ్రవరి 6న డొమినికన్ రిపబ్లిక్ అనే దేశములో ఒక పెద్ద బోయింగ్ 757 విమానము సముద్రములో పడి 189 మంది చనిపోయారు. ఆ గొట్టము మూసుకుపోవడమే మూలమనీ, పురుగు గూడే అయి ఉండవచ్చుననీ దర్యాప్తు చేసినవారు భావించారు. మన పూరింటి వాసాలకు గూళ్లు పెట్టే ఆ చిన్న పురుగు వంటిదే!

ఇంజనీరు విమానమును ముట్టుకొనకముందు పుస్తకములు చదువుతాడట. విమానము ఒడలికి ఒకటి, ఇంజినుకు ఒకటి, పంకాకు ఒకటి, మూడు పుస్తకములు. పుట్టిన దినము మొదలు ఎన్ని గంటలు ఎగిరింది, ఏ భాగము ఎప్పుడు మార్చారు, ఎవరు మార్చారు, అన్నీ అందులో ఉంటాయి. ఎక్కడో ఒకచోట అటువంటి విమానములో లోపము బయటపడితే, ఆ రకము విమానములన్నిటికీ ఫలానాది చూచి తీరవలెనని ఆజ్ఞ వస్తుంది. ఆ ఆజ్ఞలన్నీ నెరవేరినవో లేదో పుస్తకములో సరిచూడవలెను. దీనికి బావగారు చెప్పిన ఉదాహరణ నాకు మరపురాదు. సెస్నా విమానములలో నడిపేవాని కుర్చీ రెండు పట్టాల మీద ముందుకు వెనుకకు జరుగుతుంది. పట్టాలలోని రంధ్రములు అరిగి, మేకు సరిగా దిగక, విమానము పైకి లేచే క్షణములో కుర్చీ వెనుకకు జారిపోయిన ప్రమాదములు జరిగాయి. కుర్చీతోపాటు మనిషి వెనుకకు పోతాడు, చేతిలోని స్టీరింగును కూడ లాగుతాడు. విమానము ముక్కు ఎత్తి పడిపోతుంది. అందుకని ఆ పట్టాలను, ఆ మేకులను ఏటేటా కొలిచి చూడవలెనని ఆజ్ఞ. ఇంజిను మంచిదే, రెక్కలు మంచివే. ఒక కుర్చీ మేకు!

పుస్తకములు అయిన తరువాత ఇంజిను పై కప్పు విప్పుతారు. వెచ్చగా ఉండగానే పాత నూనె దింపి, ఫిల్టరును కోసి, లోపలి మడతల కాగితము పరచి చూస్తారు. మన ఇండ్లలో స్త్రీలు జొన్నపిండి జల్లించి రాయి ఉన్నదేమో చూచినట్లు, ఆ నూనెలో లోహపు రజను మెరుస్తున్నదేమో చూస్తారు. అయస్కాంతము పెడతారు. అంటుకుంటే ఇనుము, అంటుకొనకపోతే వేరే లోహము. దానినిబట్టి ఇంజినులో ఏ భాగము అరుగుతున్నదో తెలుస్తుంది. తరువాత ఒక్కొక్క సిలిండరులోనికి 80 పౌండ్ల ఒత్తిడితో గాలి పంపి, ఎంత నిలుస్తుందో కొలుస్తారు. గాలి కారుతూ ఉంటే చెవి పెట్టి వినాలి. పొగ గొట్టములో బుస్సుమంటే ఒక వాల్వు, గాలి పీల్చే వైపు వినబడితే ఇంకొక వాల్వు, నూనె పోసే మూత దగ్గర వినబడితే పిస్టను రింగులు. ప్రతి సిలిండరుకు రెండు స్పార్కు ప్లగ్గులు ఉంటాయి, ఒకటి పోయినా ఇంకొకటి మండించడానికి. ఎనిమిదింటినీ తీసి కడిగి కొలుస్తారు.

రెక్కలను, తోకను కదిలించే ఉక్కు తీగలను చూచే పద్ధతి విని అవ్వ నవ్వింది. పాత గుడ్డను తీగ చుట్టూ పట్టి ఈ కొసనుండి ఆ కొసకు తుడుచుకుంటూ పోవడమే! తీగలో ఒక పోగు తెగి ఉంటే గుడ్డను పట్టుకుంటుంది. “ముళ్లకంపకు కొంగు తగులుకున్నట్లా నాయనా?” అన్నది అవ్వ. “అదే అవ్వా. కన్ను దాటిపోయినది గుడ్డకు దొరుకుతుంది.”

పెట్రోలు కూడ ప్రతి ప్రయాణమునకు ముందు ట్యాంకు అడుగునుండి గాజు గ్లాసులోనికి కొంచెము వంచి చూడవలెనట. నీళ్లు బరువు గనుక అడుగున వేరుగా నిలబడతాయి. ఇది ఇంజనీరు కోసము ఏడాది ఆగే పని కాదు, నడిపేవాడు దినదినము చేసికొనవలసినది.

ఇన్ని విప్పడము, బిగించడము మంచిదేనా అని నాకొక సందేహము వచ్చి అడిగాను. బావగారు నన్ను మెచ్చుకున్నారు, అది అరుదు. రెండవ ప్రపంచ యుద్ధ కాలములో బ్రిటిషు వైమానిక దళములో వాడింగ్‌టన్ అనే జీవశాస్త్రవేత్త ఇదే లెక్క వేశాడట. లిబరేటర్ అను బాంబరు విమానములకు 50 గంటలకు ఒకసారి తనిఖీ జరిగేది. తనిఖీ అయిన వెంటనే లోపములు తగ్గాలి గదా? పెరిగాయి! బాగున్నదానిని విప్పి కదిలించినందువల్లనే కొన్ని చెడుతున్నాయని తేలింది. పద్ధతి మార్చిన తరువాత విమానములు ఎక్కువ గంటలు ఎగురగలిగాయి. అందుకనే ఏది విప్పవలెను, ఏది విప్పక చూడవలెను అనేది కూడ వ్రాసి ఉంటుంది. పని అయిన తరువాత పనిముట్లు లెక్కపెడతారు. గోడ మీద ప్రతి పనిముట్టు ఆకారములో నల్లని బొమ్మ గీసి ఉంటుంది. ఒక బొమ్మ ఖాళీగా కనబడితే ఆ స్పానరు దొరికేవరకు విమానము కదలదు.

“మీ మిషనరీలకు ఇది బాగా తెలుసును” అని నా వైపు తిరిగారు. నిజమే. మిషన్ ఏవియేషన్ ఫెలోషిప్ అను సంస్థ 1945లో అమెరికాలో ప్రారంభమైంది. 1946లో బెట్టీ గ్రీన్ అను యువతి దాని మొదటి విమానమును మెక్సికోకు నడిపింది. ఆ విమానము తరువాత దెబ్బతింటే రెక్కలు బాగుచేయడానికి వెళ్లినవాడు నేట్ సెయింట్. 1956లో ఈక్వడార్ అడవిలో చంపబడిన అయిదుగురు మిషనరీలలో ఒకడుగా మనము ఆయన పేరు వినియున్నాము. కాని ఆయన చేతులకు ఎప్పుడూ గ్రీసు అంటి ఉండేదని మన పుల్పిట్ల మీద ఎవరు చెప్పారు? ఆ సంస్థలో నడిపేవాడే మెకానిక్కు పని కూడ నేర్చుకోవడము వాడుక. అడవిలో దిగిన తరువాత పిలిస్తే వచ్చే మెకానిక్కు ఉండడు గదా.

వెలుగోడు దగ్గర జలాశయము కనబడింది. తెలుగుగంగ నీళ్లు నల్లమల పాదముల దాకా నిండి, కొండల నీడ అందులో పడుతూ ఉన్నది. వ్యాను ఆపమని అవ్వ అడిగింది. అందరము దిగి కొంతసేపు చూచాము. ఆకాశము మీద మబ్బులు తూర్పు కొండల మీదికి జరుగుతున్నాయి. బావగారు ఆ మబ్బులనే చూస్తూ నిలబడ్డారు, మాట్లాడలేదు.

నల్లకాల్వలో జనము తక్కువగా ఉన్నారు. చెట్ల మధ్య దారి, విగ్రహము, వెనుక దూరముగా నల్లమల. హెలికాప్టరు కూలిన పావురాలగుట్ట ఇది కాదు, అది దట్టమైన అడవిలో ఉన్నది. అవ్వ చెప్పులు విడిచి విగ్రహము దగ్గర కొంతసేపు నిలబడి, మనుమని చెయ్యి పట్టుకొని కండ్లు తుడుచుకొన్నది. మేము ప్రార్థించి చెట్టు క్రింద కూర్చున్నాము. మా ఆవిడ తెచ్చిన చిత్రాన్నము పొట్లములు విప్పింది.

అప్పుడు అవ్వ అడిగింది. “నాయనా, నీవు ఆ పని చేసినోడివి గదా. బండి చెడిపోయిందా, నడిపేటోళ్లు మరిచిపోయినారా, దేవుడే తీసికొన్నాడా? ఇన్నేండ్లు అయ్యింది, ఒక్కరూ సరిగా చెప్పలేదు.”

చివరి ప్రశ్న నాకు చెందినదని బావగారు నా వైపు చూచారు. నేను తల వంచుకొన్నాను. మొదటి రెంటికీ ఆయన తనకు తెలిసినంత నిదానముగా చెప్పారు.

ఆ దినము ఉదయము 8.38కి రాష్ట్ర ప్రభుత్వపు బెల్ 430 హెలికాప్టరు బేగంపేటనుండి లేచింది. చిత్తూరు జిల్లాలో రచ్చబండ కార్యక్రమమునకు ప్రయాణము. లోపల అయిదుగురు: ముఖ్యమంత్రి, ఆయన ప్రత్యేక కార్యదర్శి సుబ్రహ్మణ్యం గారు, భద్రతాధికారి వెస్లీ గారు, పైలట్లు భాటియా, ఎం.ఎస్. రెడ్డి గార్లు. తొమ్మిదిన్నర కాకముందే అంతా ముగిసింది. ఆ దినమంతా, ఆ రాత్రంతా అడవిలో వెదికారు. వైమానిక దళము, పోలీసులు, చెంచు సోదరులు, చుట్టు గ్రామాల రైతులు, అందరూ. మరునాడు ఉదయము గాని కనబడలేదు. మన రేడియోల దగ్గర, టీవీల దగ్గర ఆ రాత్రి ఎవరు నిద్రపోయారు?

మొదటి దినములలో హెలికాప్టరు యోగ్యతా పత్రము గడువు ఎప్పుడో తీరిపోయినదని ఒక వార్త పుట్టింది. అది చెల్లుబాటులోనే ఉన్నదని డీజీసీఏ స్పష్టము చేసింది. ఆర్.కె. త్యాగి గారి అధ్యక్షతన వేసిన కమిటీ, పైలట్ల గదిలోని మాటలు రికార్డయిన పెట్టెను విని విచారించింది. ఆ హెలికాప్టరుకు ఇంజినులు రెండు. కాని రెండూ కలిసి ఒకే గేరు పెట్టె ద్వారా పై పంకాను త్రిప్పుతాయి. ఆ గేరు పెట్టెలో నూనె ఒత్తిడి విషయములో ఏదో తేడా పైలట్లకు కనబడింది. అట్టి సమయములో ఏమి చేయవలెనో తెలిపే పుటను పుస్తకములో వెదుకుతూ వారు సుమారు 14 నిమిషములు అందులోనే మునిగిపోయారు. అదే సమయములో ఎదుట దట్టమైన మబ్బు. దానిలో పైనుండి క్రిందికి కొట్టే తీవ్రమైన గాలిలో చిక్కి, హెలికాప్టరు అదుపు తప్పి వేగముగా కొండ మీద పడినదని కమిటీ తేల్చింది. గేరు పెట్టె విరిగి కూలినదని చెప్పలేదు. కుట్ర ఏదీ లేదని సీబీఐ విచారణలో తేలింది.

“అయితే కాగితము ఉండాదా?” అన్నది అవ్వ.

“ఉండెను అవ్వా.”

“మన బండికీ కాగితము ఉండె గదా అయ్యగారూ” అన్నది నా వైపు తిరిగి. ఎత్తిపొడుపు లేదు, కోపము లేదు. చిత్రాన్నములో వేరుశనగ పలుకులు ఏరుకుంటూ ఊరికే అన్నది.

ప్రియ పాఠకులారా, ఆ కర్ర సంగతి ఇది. నాలుగేండ్ల క్రితము గిద్దలూరులో కూడికలకు మా సంఘస్థులు పందొమ్మిది మందిని ఇదే వ్యానులో తీసికొని వెళ్లాము. వ్యాను పాతది, ఏటేటా ఫిట్‌నెస్ చేయించవలసినది. ఆ ఏడు నేను కూడికల పనులలో తీరిక లేక, ఒక బ్రోకరుకు డబ్బు ఇచ్చాను. బండి కదలకుండానే కాగితము ఇంటికి వచ్చింది. ఎంత సులువుగా అయిపోయినదో అని సంఘ పెద్దలతో సంతోషముగా చెప్పాను కూడ. గాజులపల్లె దాటి, పచ్చర్ల తరువాత ఘాటు దిగుతుండగా బ్రేకు పెడలు నేలకు అంటుకుపోయింది. డ్రైవరు కుఱ్ఱవాడు తెలివిగా బండిని లోయవైపు పోనీయక కొండవైపు కొట్టాడు. ఎవరూ చనిపోలేదు. దేవుని కృప అని ఆ ఆదివారము సాక్ష్యము చెప్పాను. అవ్వకు తుంటి ఎముక విరిగింది. వెనుక చక్రము లోపలివైపు నెలల తరబడి బ్రేకు ఆయిలు కారిన మరక ఉన్నదని మెకానిక్కు నాకు చూపించాడు. వంగి చూచినవాడికి కనబడేదే. నేను వంగలేదు, పెద్దలు వంగలేదు, సంతకము పెట్టినవాడు బండినే చూడలేదు. సాక్ష్యములో ఆ మరక సంగతి నేను చెప్పలేదు.

ఇంకొక మాట కూడ ఒప్పుకొనవలెను. మేము నల్లకాల్వకు బయలుదేరుటకు ముందు సాయంకాలము అదే బ్రోకరు ఫోను చేశాడు. “వచ్చే నెలలో మీ బండి గడువు ఉంది అయ్యగారూ. బండి తేనక్కరలేదు, కాగితాలు పంపించండి చాలు.” సంఘ ఖాతాలో డబ్బు తక్కువ. టైర్లు మార్చక బండిని చూపిస్తే త్రిప్పి పంపుతారని నాకు తెలుసు. “సరే, రేపు చెబుతాను” అన్నాను. వద్దు అనలేదు.

ఆ సంగతి చెట్టు క్రింద బావగారికి చెప్పాను. ఆయన కోపపడతారనుకొన్నాను. పొట్లము మడిచి, చేతులు కడుగుకొని, తాను పనిలో చేరిన కొత్తలో జరిగినది చెప్పారు. ఒక యజమాని తన చిన్న విమానమును తెల్లవారి పెండ్లికి తీసికొని వెళ్లవలెనని ఆత్రపడుతున్నాడట. పని అంతా అయింది, ఒక్క తీగ మాత్రము గుడ్డతో తుడిచి చూడలేదు. సీటు క్రింద పలకలు మళ్లీ విప్పవలెను, రెండు గంటల పని. పోయిన ఏడాది ఆ తీగ బాగానే ఉన్నదని పుస్తకములో ఉన్నది. పెద్ద ఇంజనీరు సంతకము పెట్టవలసిన చోట పెన్ను పెట్టి, మళ్లీ తీసి, పలకలు విప్పమన్నాడు. యజమాని కేకలు వేశాడు.

“తీగ తెగి ఉండెనా?” అన్నాడు అవ్వ మనుమడు ఆత్రముగా.

“లేదురా. బంగారమువలె ఉండెను. పెండ్లికి ఆలస్యమాయెను. ఆయన మళ్లీ మా షెడ్డుకు రాలేదు.”

పిల్లవాడు నిరాశపడ్డాడు. నేను కూడ కొంచెము అటువంటి కథనే ఎదురుచూచాను. ముప్పై అయిదేండ్లలో విప్పి చూచినవాటిలో చాలామట్టుకు బాగున్నవే అని బావగారు అన్నారు. బాగున్నదానికోసము తిట్లు తినడమే ఆ ఉద్యోగమట.

మన తెలుగువారికి ఈ వార్తలు కొత్తవి కావు. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకరు బాలయోగి గారు కైకలూరు దగ్గర కొవ్వాడలంకలో హెలికాప్టరు కూలి చనిపోయారు. 2004 ఏప్రిల్ 17న నటి సౌందర్య, ఆమె అన్నగారు కరీంనగరు రావడానికి బెంగుళూరు జక్కూరులో ఎక్కిన చిన్న సెస్నా విమానము లేచిన కొద్దిసేపటికే కూలింది. ఒక్కొక్కదానికి ఒక్కొక్క కారణము. అన్నిటినీ ఒకే గాటను కట్టవద్దని బావగారు తిరుగు దారిలో నన్ను హెచ్చరించారు. పాస్టర్లకు అన్నిటినీ ఒకే ప్రసంగములో ఇరికించే అలవాటు ఉన్నదని కూడ అన్నారు. మా ఆవిడ నవ్వింది.

బండి ఆత్మకూరు దగ్గర ఆయన వ్యాను ఆపించి, దిగి, నాలుగు చక్రముల మధ్య భాగమును చేతి వెనుకవైపుతో ఒక్కొక్కటిగా తాకి చూచారు. మూడు చల్లగా ఉన్నాయి. వెనుక ఎడమది వేడిగా ఉన్నది. నన్ను పిలిచి నా చెయ్యి కూడ అక్కడ పెట్టించారు. చురుక్కుమన్నది. బ్రేకు విడువక పట్టుకొని ఉన్నదని ఆయన అనుమానము. డ్రైవరును మెల్లగా నడపమని చెప్పి నంద్యాల చేరేవరకు కిటికీలోనుండి తల బయట పెట్టి వింటూ కూర్చున్నారు.

నంద్యాలలో అంగడి దగ్గర దిగి నూరు పేజీల నోటు పుస్తకము ఒకటి కొన్నారు. అట్ట మీద వ్యాను నంబరు వ్రాశారు. లోపల గీతలు గీశారు: తేదీ, ఎన్ని కిలోమీటర్లు, ఏమి చూచితిమి, ఏమి కనబడింది, చూచినవాడు. మొదటి వరుసలో “వెనుక ఎడమ చక్రము వేడి” అని వ్రాసి, చివరి గడి దగ్గర ఆగారు.

నేను జేబులోనుండి పెన్ను తీశాను.

“నీవు ఇంకా ఏమి చూచితివి పాస్టరూ? చెయ్యి పెట్టితివి, అంతే. ముందు ఆ చక్రము విప్పుదాము” అని పుస్తకము మూసి అవ్వ ఒడిలో పెట్టారు. అవ్వ దాన్ని కర్రతోపాటు పట్టుకొని, మేము జాకీ దింపేవరకు దిగకుండ కూర్చున్నది. దిగితే గాని బండి లేవదని డ్రైవరు రెండుసార్లు చెప్పవలసి వచ్చింది.